ఇంజనుకు పరకాయ ప్రవేశము

ఇటీవల మన విద్యార్థులలో జపాను కారుల మీద మక్కువ మిక్కిలిగా కనబడుచున్నది. నిస్సాన్ స్కైలైన్, టయోటా సుప్రా, మాజ్డా ఆర్‌ఎక్స్-7 అను పేర్లు బ్రహ్మంగారిమఠము వంటి చోట గూడ పిల్లల నోట వినవచ్చుచున్నవి. వారిలో పెక్కుమంది ఆ కారులను కంట చూచినవారు కారు. ఫోనులో చూచినదే చూపు. వారు అడుగు ప్రశ్నలు రెండు. ఆ కారును జపానునుండి తెప్పించుకొనవచ్చునా? కానిచో దాని ఇంజనునైనను తెచ్చి మన కారులో పెట్టించుకొనవచ్చునా? భౌతికశాస్త్రము చెప్పు మాస్టరు నవ్వి ఊరకుండును. తెలుగు చెప్పువానికి ఇందులో పనియే లేదని అందరును అనుకొందురు. కాని చట్టమునకును పనితనమునకును పొత్తు కుదరని చోటు ఒకటి ఈ ప్రశ్నలలో దాగియున్నది. అందుచేత వీనిని త్రోసివేయరాదని నా అభిప్రాయము.

మొదటి ప్రశ్నకు సమాధానము సూటియైనదే. మన దిగుమతి నిబంధనల ప్రకారము వాడిన కారు తయారైన నాటినుండి మూడేండ్లు దాటియుండరాదు. స్టీరింగు కుడివైపుననే ఉండవలెను. సుంకము కారు ధరతో పోటీపడును. పిల్లలు కలవరించు ఆ సుప్రా, ఆ స్కైలైన్ ఆర్34, ఆ ఆర్‌ఎక్స్-7 మూడును 2002తో తయారీ ముగిసినవి. కనుక సామాన్యుడు రాజమార్గమున వానిని తెచ్చుకొనలేడు. ఇందులో ఒక వింత కలదు. జపానువారును మనవలె రోడ్డుకు ఎడమప్రక్కన నడచువారే. వారి స్టీరింగు మనకు అతికినట్లు సరిపోవును. అమెరికాలో స్టీరింగు ఎడమవైపు. అయినను 25 ఏండ్లు నిండిన కారును భద్రతా ప్రమాణముల నడుగకయే అచ్చట రానిత్తురు. 1999 జనవరిలో తయారైన స్కైలైనుకు 2024లో ఆ ద్వారము తెరచుకొన్నది. డల్లాసులోని తెలుగు కుర్రవానికి దొరకునది మైదుకూరు కుర్రవానికి దొరకదు. అయితే అమెరికావారు గూడ అంత అమాయకులు కారు. పొగ విషయమున వారు 21 ఏండ్ల కారుకు మినహాయింపు ఇచ్చుచు, ఇంజను మార్చినదైనచో ఆ మినహాయింపు చెల్లదనిరి. మార్చిన ఇంజను తమ ధ్రువీకరణ పొందినదై, పాతదానికి సమానమైనదో అంతకంటె క్రొత్తదో అయిననే చెల్లుననిరి. వృద్ధుని గౌరవించిరి గాని, గుండె మార్చుకొని వచ్చిన వృద్ధుని సంశయించిరి.

రాజమార్గము మూసిన చోట దొడ్డిదారి పుట్టుట లోకసహజము. 2025 మే నెలలో హైదరాబాదు విలాస కారుల వర్తకు నొకనిని రెవెన్యూ ఇంటెలిజెన్సు అధికారులు నిర్బంధించిరి. అమెరికా, జపాను దేశముల కారులను దుబాయిలోనో శ్రీలంకలోనో స్టీరింగు కుడికి మార్పించి, విలువ తగ్గించి చూపి, సుంకము ఎగవేసినాడని ఆరోపణ. అదే యేడు సెప్టెంబరులో కొచ్చి కస్టమ్సు అధికారులు ‘నుంఖోర్’ అను పేర సోదాలు జరిపి, భూటాను మీదుగా అక్రమముగా వచ్చినవని శంకించిన వాహనములను పట్టుకొనిరి. నుంఖోర్ అనగా భూటానువారి భాషలో వాహనమే. పట్టుబడినవానిలో జపాను లాండ్ క్రూయిజర్లును ఉన్నవి. నిజానిజములు న్యాయస్థానములు తేల్చును. ఇవి ధనవంతుల ముచ్చటలే కదా, మనకేల యనవచ్చును. కాని దొంగ కాగితమునకు ఆయువెక్కువ. అది రెండవవాని చేతినుండి మూడవవాని చేతికి పోవును. ఆ మూడవవాడు మన ఊరివాడు కావచ్చును.

రెండవ ప్రశ్న చిక్కైనది. శంకరులు అమరుక మహారాజు కళేబరమున ప్రవేశించిన కథ మన పిల్లలకు తెలిసినదే. రాజు లేచి కూర్చుండెను. రూపు అదే, బుద్ధి మాత్రము వేరు. మంత్రులు పసిగట్టిరి. ఇంజను మార్చిన కారును చూచి రవాణా శాఖవారు చేయునదియు ఆ మంత్రుల పనియే. కారు శరీరమునకు ఛాసిస్ సంఖ్య, ప్రాణమునకు ఇంజను సంఖ్య. రెండును ఒక్క రిజిస్ట్రేషను పత్రమున కట్టుబడియుండును. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 52వ సెక్షను, తయారీదారు మొదట నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని చెప్పుచున్నది. 2019 జనవరిలో కేరళనుండి వచ్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు దీనినే గట్టిగా నిలబెట్టినది. ఆ యేటి సవరణ చట్టము అక్రమమైన ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా, లేక ఆరునెలల వరకు ఖైదు, లేక రెండును విధించినది. ఇంజను చెడినచో అదే తయారీ, అదే రకము ఇంజనును అనుమతితో అమర్చుకొనవచ్చును. ఆమోదము పొందిన సామగ్రితో గ్యాసుకు గాని బ్యాటరీకి గాని మార్చుకొనవచ్చును. మారుతి 800లో స్కైలైన్ ఇంజను మాత్రము కుదరదు.

‘నా డబ్బు, నా కారు, మధ్య ప్రభుత్వమెవరు?’ అని కుర్రవాండ్రు అందురు. ఈ మాట నేనంగీకరింపను. కందిమల్లాయపల్లె యని పూర్వము పిలువబడిన ఈ ఊరు వడ్రంగము, కమ్మరము కులవృత్తులుగా గల విశ్వబ్రాహ్మణులలో వెలసిన వీరబ్రహ్మేంద్రస్వామివారి సమాధి గల చోటు. ఎద్దులు లేని బండ్లు నడచునని స్వామి ముందే చెప్పెనని ఇక్కడి జనులు నేటికిని చెప్పుకొందురు. ఎద్దుల బండి ఉన్న కాలమున ఇరుసు మార్చుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. ఏల? బండి విరిగినచో ఏ వడ్రంగి చేసినాడో, ఏ కొలిమిలో పట్టా వేసినారో ఊరంతటికి తెలియును. పనివాని పేరే పూచీ. వేయి మైళ్ల అవతల తయారై, పదిచేతులు మారి, రాత్రివేళ మన ప్రక్కనుండి దూసుకొనిపోవు కారుకు ఆ పూచీ ఎవరు? ఆ కొరత తీర్చుటకే ఆ పత్రము, ఆ సంఖ్యలు.

పైగా ఇందులో గణితమున్నది. జపాను తయారీదారులు తమలో తామొక ఒడంబడిక చేసికొని 1989 ప్రాంతమునుండి 2004 వరకు తమ కారుల శక్తిని 280 అశ్వశక్తికి మించి ప్రకటింపలేదు. మారుతి 800 శక్తి 40 అశ్వశక్తికి లోపు. దాని బ్రేకులు, చక్రములు, ఛాసిస్ ఆ లెక్కకే తూచి చేసినవి. వేగము రెట్టింపైనచో ఆపవలసిన శక్తి నాలుగింతలగునని పదవ తరగతి పిల్లవాడు చెప్పగలడు. ఇంజను మాత్రము మార్చి బ్రేకులు మార్చనివాడు సగము పని చేసినవాడు. ప్రమాదము జరిగిననాడు బీమావారు పత్రమును, ఇంజనును ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, దెబ్బతిన్న కుటుంబము కోర్టు మెట్లమీద కూర్చుండవలసి వచ్చును.

ఇంతవరకు చట్టము పక్షమే. కాని దానిమీద నాకొక ఫిర్యాదు కలదు. పరాయి శరీరమున జపాను ప్రాణమును పెట్టుట ఈ దేశమున నేరమని ఎప్పుడును ఎవరును అనలేదు, పెట్టినది పెద్ద కర్మాగారమైనచో! 1980 దశకమున వచ్చిన ప్రీమియర్ 118ఎన్‌ఈ ఒళ్లు ఇటలీవారి ఫియట్ 124ది, ఇంజను నిస్సానుది. కాంటెస్సా ఒళ్లు ఇంగ్లండు వాక్సాలుది, ఇంజను ఇసుజుది. అన్నిటికంటె ముచ్చటైనది మన అంబాసిడరు. ఆక్స్‌ఫర్డు మారిస్ కారు ఆకారమును దాదాపు చెక్కుచెదరనీయక, 1990 దశకపు తొలినాళ్లలో దానికి ఇసుజు ఇంజను పెట్టిరి. మంత్రులు, కలెక్టర్లు అందులో తిరిగిరి. ఆ ఇసుజువారే 2016లో మన శ్రీసిటీలో కర్మాగారము తెరచిరి. ఆ దినములలోనే రాయలసీమ పట్టణముల షెడ్లలో పాత పెట్రోలు జీపులకు డీజిలు ఇంజనులు ఎక్కించు మేస్త్రీలు ఉండిరి. పనిలో భేదము కొంచెమే. భేదమంతయు పరీక్షలో నున్నది. కర్మాగారము తన నమూనాను పరీక్షకు పెట్టి ఆమోదము పొందును. మేస్త్రీకి పరీక్ష వ్రాయు హక్కే లేదు. తప్పిన విద్యార్థిని మందలించుట న్యాయము. హాలులోనికే రానీయక తప్పినావనుట ఏమి న్యాయము?

ఈ విషయమున జపానునే చూడవలెను. అచ్చట క్రొత్త కారునకు మూడేండ్లకు, ఆ తరువాత రెండేండ్లకొకసారి కఠినమైన తనిఖీ. అంత నిక్కచ్చి దేశమును ఇంజను మార్పును నిషేధింపలేదు. మార్చినవాడు బలమునకు, బ్రేకులకు, పొగకు సంబంధించిన పత్రములతో వాహనమును రవాణా కార్యాలయమునకు తీసికొనిపోయి నిర్మాణ మార్పు పరీక్షకు నిలుపును. గెలిచినచో పత్రమున క్రొత్త వివరములు ఎక్కించి ఇత్తురు. ఇంగ్లండులోను ఒక్కొక్క వాహనమును విడిగా పరీక్షించి ఆమోదించు పద్ధతి కలదు. మన 52వ సెక్షను గూడ ప్రత్యేక ప్రయోజనమునకు మినహాయింపు ఇచ్చు అధికారమును కేంద్రప్రభుత్వమునకు ఉంచినది. ఆ సందును ద్వారముగా చేయవలెనని నా కోరిక.

దీనిని స్పోర్ట్సు కారులతో మొదలుపెట్టనక్కరలేదు. వానిని పోషించువారు ఈ జిల్లాలో ఎందరు? పాత జీపులతో మొదలుపెట్టవచ్చును. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయమువారి ఇంజనీరింగు కళాశాల ఉన్నది. అచ్చటి అధ్యాపకులు, రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు కలిసి నెలకొక దినము కూర్చుండి, వచ్చిన బండిని తూచి, బ్రేకు పట్టి, పొగ కొలిచి చూడవచ్చును. రుసుము యజమాని చెల్లించును. విద్యార్థులు ప్రక్కన నిలిచి చూతురు. పరీక్షకు నిలిచిన బండి పత్రములో క్రొత్త ఇంజను సంఖ్య వ్రాసి, దాని క్రింద అమర్చిన మేస్త్రీ పేరును, ఊరును వ్రాయవలెను.