చక్కెర నేల క్రింద

ఒక దేశపు స్వభావము నెరుగగోరువారు దాని మహానగరములనే గాక వాని శివారులను కూడ చూడవలెను. అమెరికాలో హ్యూస్టన్ మహానగరమునకు నైరుతి దిక్కున ఫోర్ట్‌బెండ్ కౌంటీ కలదు. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. 2020 జనగణనలో అచటి జనసంఖ్య 8,22,779. శ్వేతజాతీయులు, నల్లజాతివారు, స్పానిష్ మూలములవారు, ఆసియావారు – ఈ నాలుగు వర్గములలో ఏదియు సగమునకు చేరదు. ప్రతిదియు రమారమి అయిదవ వంతో, అంతకు మించియో ఉన్నది. అందలి షుగర్‌ల్యాండ్ పట్టణమున అష్టలక్ష్మీ దేవాలయము కలదు. 2024లో ఆ ఆవరణమున తొంబది అడుగుల ఆంజనేయ విగ్రహము వెలసినది. తెలుగువారికి ఆ ఊరు పరాయిది కాదు.

అయితే ఈ సామరస్యము అచట దానంతట అదియే మొలచినదని తలచుట పొరపాటు. షుగర్‌ల్యాండ్ అనగా చక్కెర నేల. ఆ నేలపై చెరకు నరికినవారు మొదట బానిసలు. 1865లో టెక్సాసు రాష్ట్రమున బానిసత్వము తొలగినది. కాని కొడవలి పట్టిన చేతులు మారలేదు. ప్రభుత్వము తన ఖైదీలను తోటల యజమానులకు అద్దె కిచ్చినది. వారిలో పెక్కుమంది నల్లవారే. 1889లో అచటి శ్వేతజాతీయులు ‘జేబర్డ్’ అను సంఘము నేర్పరచుకొని, అభ్యర్థుల నెన్నుకొనుటలో నల్లవారికి ఓటు లేకుండ చేసిరి. 1953లో సుప్రీంకోర్టు తప్పని తీర్పు చెప్పువరకు ఆ అన్యాయము సాగినది.

2018లో అచట పాఠశాల భవనము కట్టుటకై నేల త్రవ్వుచుండగా 95 మంది అస్థికలు బయల్పడినవి. అవి అద్దె ఖైదీలుగా మరణించిన నల్లవారివి. అచట సమాధులుండునని రెజినాల్డ్ మూర్ అను మాజీ చెరసాల ఉద్యోగి అంతకు ముందే ఏండ్ల తరబడి హెచ్చరించుచు వచ్చెను.

ఒక సీమలో ఎన్ని జాతులు కలసియున్నవో చెప్పుట జనగణన పని. ఆ కలయికకు ఎవరు మూల్యము చెల్లించిరో చెప్పుట చరిత్ర పని. మనవారికి అమెరికా ద్వారములు విశాలముగ తెరచిన 1965 నాటి వలస చట్టము కూడ పౌరహక్కుల పోరాటము సాగిన దినములలోనే పుట్టినది. కావున ఆ 95 మందితో మనకేమి సంబంధమని అనుటకు వీలులేదు. వలస వెళ్లిన బంధువుల సంపదను గూర్చి మన పిల్లలు ఇంట వినుచునే యున్నారు. వారు నివసించు నేల కథను పాఠశాలలో వినిపించుట ఉపాధ్యాయుల బాధ్యత.