తూము తాళం ఎవరి దగ్గర?

కృష్ణా డెల్టాలో కాలువ కింద సేద్యం చేసే రైతుకు నీటి లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నది పేపర్లో వచ్చే వార్త. నాగాయలంక, కోడూరు శివారు పొలాలకు ఎంత అందిందన్నది మాత్రం దారి పొడవునా ఉన్న తూములు తేల్చే సంగతి. లస్కరు ఒక షట్టరును నాలుగు అంగుళాలు ఎక్కువ లేపితే పైన నారుమడి మునుగుతుంది, కింద చేను నెర్రెలు విచ్చుతుంది. అందుకే తూము తాళం పైపొలం ఆసామి చేతిలో పెట్టడానికి ఏ ఊరూ తేలిగ్గా ఒప్పుకోదు. ఆయన దొంగ అని కాదు. ఊళ్లో అందరికంటే మంచివాడే కావచ్చు. కానీ తన నారు ఎండుతుంటే ఆయన కంటికి ముందు కనపడేది అదే. పల్లెలో అందరికీ తెలిసిన ఈ మామూలు జాగ్రత్తను ఆటల నియమాలు రాసే కమిటీల దగ్గర మనం ఎందుకు వదిలేస్తున్నాం? నియమం కూడా తూము లాంటిదే. ఎవరికి ఎంత పారాలో తేల్చేది అదే.

క్రికెట్‌నే చూద్దాం. ఆట చట్టాలు 1788 నుంచి లండన్‌లోని ఎంసీసీ చేతిలో ఉన్నాయి. అంతర్జాతీయ మ్యాచ్‌లకు వర్తించే నిబంధనలను ఐసీసీ ఖరారు చేస్తుంది, వాటిని చర్చించి సిఫార్సు చేసేది దాని క్రికెట్ కమిటీ. 2011 అక్టోబరులో వన్డేలకు ఒక్కో ఎండ్ నుంచి ఒక్కో కొత్త బంతి వాడే పద్ధతి వచ్చింది. ఇన్నింగ్స్ మొత్తంలో ఒక్కో బంతితో పడేది 25 ఓవర్లే. దాంతో తోలు అరగదు, రివర్స్ స్వింగ్ పుట్టదు, గట్టిగా ఉన్న బంతి మీద స్పిన్నర్ వేళ్లకు పట్టు చిక్కదు, చివరి పది ఓవర్లూ బ్యాటర్లకు పండగ. 2025 జులై నుంచి మాత్రమే 34 ఓవర్లు దాటాక రెండింటిలో ఒక బంతినే ఉంచాలని మార్చారు. ఈ మధ్య పద్నాలుగేళ్లలో ఎందరో బౌలర్ల కెరీర్లు మొదలై ముగిసిపోయాయి. సిక్సర్లు పెరిగితే ప్రసారదారులకు లాభం, బ్యాటర్ల ధర పెరుగుతుంది. బల్లచుట్టూ కూర్చున్న పది పన్నెండు మంది రాసిన ఒక్క వాక్యానికి ఇంత బలం ఉంది. అలాంటప్పుడు ఆ పది పన్నెండు మందికి జీతం ఎక్కడి నుంచి వస్తుందని అడగడం తప్పెలా అవుతుంది?

ఆ బల్ల దగ్గర మనవాడూ ఒకరున్నారు. వి.వి.ఎస్. లక్ష్మణ్ తల్లిదండ్రులు విజయవాడలో పేరున్న డాక్టర్లు. ఆయన్ను 2022లో ఆటగాళ్ల ప్రతినిధిగా ఐసీసీ క్రికెట్ కమిటీలోకి తీసుకున్నారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ నియమించారు. సౌరవ్ గంగూలీ ఆ కమిటీ చైర్మన్. కానీ కమిటీలోకి వచ్చే నాటికే లక్ష్మణ్ బెంగళూరులోని జాతీయ క్రికెట్ అకాడమీ అధిపతి, అంటే బీసీసీఐ కొలువులో ఉన్న మనిషి. బోర్డు నుంచి జీతం తీసుకునే వ్యక్తి బోర్డులతో పేచీ వచ్చే చోట ఆటగాళ్ల తరఫున మాట్లాడాలన్నమాట. లక్ష్మణ్ నిజాయతీని శంకించే వాళ్లెవరూ ఉండరు, నేనూ శంకించను. అకాడమీ బాధ్యత తీసుకునేటప్పుడు సన్‌రైజర్స్ మెంటార్ పదవిని ఆయన వదులుకున్నారు కూడా. అందుకే ఆయన పేరు ఎత్తుతున్నాను. ఇంత మంచి మనిషి కూర్చున్న కుర్చీలోనే చిక్కు ఉందంటే ఆ చిక్కు మనిషిది కాదు, కుర్చీది.

కుర్చీలో చిక్కు ఉన్నా పట్టించుకోకపోతే ఏమవుతుందో 2008లో దేశం చూసింది. ఆ ఏడాది జనవరిలో ఐపీఎల్ జట్ల వేలం జరిగింది. బీసీసీఐ కోశాధికారి ఎన్. శ్రీనివాసన్ ఎండీగా ఉన్న ఇండియా సిమెంట్స్ 9.1 కోట్ల డాలర్లకు చెన్నై జట్టును దక్కించుకుంది. బోర్డు నిర్వాహకులెవరికీ బోర్డు నడిపే పోటీల్లో ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ వ్యాపార ప్రయోజనం ఉండకూడదని అప్పటి నిబంధన 6.2.4 చెప్పేది. జట్టా, పదవా అన్న ప్రశ్న రావాల్సింది. రాలేదు. నిబంధనే మారింది. సెప్టెంబరు 27న చేసిన సవరణతో ఐపీఎల్, చాంపియన్స్ లీగ్ లాంటి పోటీలకు మినహాయింపు దొరికింది. ఆ నెలలోనే శ్రీనివాసన్ కార్యదర్శి అయ్యారు, 2011లో అధ్యక్షుడయ్యారు. 2013లో బెట్టింగ్ కేసులో ఆయన అల్లుడు అరెస్టయినప్పుడు విచారణ సంఘాన్ని వేయాల్సింది కూడా ఆ బోర్డే. ఆ సవరణ చెల్లదని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2015 జనవరి 22 వచ్చింది. జస్టిస్ టి.ఎస్. ఠాకూర్, జస్టిస్ కలీఫుల్లా ధర్మాసనం మొత్తం గొడవకు మూలం ఆ సవరణలోనే ఉందని తేల్చింది. జట్టు కొనడం రహస్యంగా జరగలేదు, సవరణా రహస్యంగా జరగలేదు. అంతా తెరిచిన తలుపుల మధ్యే జరిగింది. అడ్డు చెప్పాల్సిన చోట ఉన్నవాళ్లు చెప్పలేదు, అంతే.

మరో ఉదాహరణకు చప్పుడు తక్కువ, నష్టం తక్కువ కాదు. 2013లో ఐసీసీ క్రికెట్ కమిటీలో ఆటగాళ్ల ప్రతినిధి స్థానం నుంచి టిమ్ మేను తప్పించి లక్ష్మణ్ శివరామకృష్ణన్‌ను ఎన్నుకున్నారు. ఓటేసేది టెస్టు జట్ల కెప్టెన్లు. వాళ్ల మీద బోర్డులు ఒత్తిడి తెచ్చాయని ఆటగాళ్ల సమాఖ్య ఆరోపించింది. ఆ ఆరోపణను పక్కన పెట్టినా, కొత్త ప్రతినిధి ఇండియా సిమెంట్స్ ఉద్యోగి అన్న వాస్తవం మిగులుతుంది. అంపైర్ నిర్ణయాలను సమీక్షించే డీఆర్‌ఎస్‌ను అన్ని దేశాలకూ తప్పనిసరి చేయాలా వద్దా అని కమిటీ తర్జనభర్జన పడుతున్న రోజులవి. దాన్ని వ్యతిరేకిస్తున్న బోర్డుకు అధ్యక్షుడు ఆ సంస్థ ఎండీయే. ఇక మ్యాచ్ మధ్యలో ఒక ఆటగాడి స్థానంలో మరొకరిని దించే ఇంపాక్ట్ ప్లేయర్ నియమం సంగతి మన కళ్ల ముందే ఉంది. 2023లో ఐపీఎల్‌లోకి తెచ్చారు. ఆల్‌రౌండర్ల ఎదుగుదలకు ఇది అడ్డమని 2024లో రోహిత్ శర్మ బాహాటంగానే చెప్పారు. దేశవాళీ టీ20 పోటీ ముస్తాక్ అలీ ట్రోఫీ నుంచి దాన్ని తీసేశారు, ఐపీఎల్‌లో ఉంచారు. రెండూ నడిపేది ఒకే బోర్డు. కుర్రాళ్లు ఎదిగే చోట వద్దన్న నియమం, టిక్కెట్లు అమ్ముడుపోయే చోట ఎందుకు కావాల్సి వచ్చింది? ఎవరు ఏ వాదన చేశారో చెప్పే చర్చా వివరాలు జనం ముందు ఉంటే ఈ ప్రశ్నకు జవాబు దొరికేది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఆట తెలిసినవాళ్లే నియమాలు రాయాలి, ఆట తెలిసినవాళ్లంతా ఎక్కడో ఒకచోట పనిచేస్తూనే ఉంటారు, సంబంధాలు లేనివాళ్లు కావాలంటే ఆట తెలియనివాళ్లే దొరుకుతారు అంటారు. సగం ఒప్పుకుంటాను. 1997 నాటి చట్టం కాలువల యాజమాన్యాన్ని రైతులకు అప్పగించినప్పుడు పొలం లేనివాణ్ని వెతికి తెచ్చి సంఘంలో కూర్చోబెట్టలేదు. నీటితో పని ఉన్న రైతులనే కూర్చోబెట్టింది, కాకపోతే సంఘం పరిధిని నియోజకవర్గాలుగా విడగొట్టి ఒక్కో భాగం నుంచి ఒక్కొక్కరిని ఎన్నుకోమంది. ప్రయోజనం ఉండటం నేరం కాదు, ఒకే వైపు ప్రయోజనం బల్లంతా ఆక్రమించడమే ప్రమాదం. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ లోధా కమిటీ 2016 జనవరిలో ఇచ్చిన నివేదికలోనూ ఈ వివేకం ఉంది. పరస్పర విరుద్ధ ప్రయోజనాలను అది రెండు రకాలుగా చూసింది. ముందే వెల్లడించి, ఆ అంశం వచ్చినప్పుడు పక్కకు తప్పుకుంటే సరిపోయేవి కొన్ని. పదవి వదిలితే తప్ప పోనివి కొన్ని. లక్ష్మణ్ లాంటి వారిది చాలావరకు మొదటి రకం. జట్టు యజమానే జట్ల నియమాలు రాయడం రెండో రకం. రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే మొదటివాళ్లు అవమానపడతారు, రెండోవాళ్లు ఆ గందరగోళంలో తప్పించుకుంటారు.

గౌరవప్రదమైన ఆటగాళ్లకు నోటీసులిచ్చి ఇబ్బంది పెడితే ఇక సేవ చేయడానికి ఎవరొస్తారన్నది రెండో అభ్యంతరం. 2019లో ఇది గట్టిగా వినపడింది. బోర్డు సలహా సంఘంలో ఉంటూ సన్‌రైజర్స్ మెంటార్‌గా ఉన్నందుకు లక్ష్మణ్‌కు, ఇండియా సిమెంట్స్ ఉద్యోగం నుంచి సెలవు పెట్టి అకాడమీకి వచ్చినందుకు రాహుల్ ద్రవిడ్‌కు నీతి నియమాల అధికారి జస్టిస్ డి.కె. జైన్ నోటీసులిచ్చారు. అభిమానులకు బాధ కలిగింది. కానీ జరిగిందేమిటి? వాళ్లు జవాబు చెప్పారు, విచారణ నడిచింది, ద్రవిడ్ విషయంలో తప్పు లేదని అదే ఏడాది తేలింది, మనిషికి ఒక పదవే ఉండాలన్న సూత్రం లక్ష్మణ్, గంగూలీలకు గుర్తుచేశారు. ఎవరి పరువూ పోలేదు. తేలిపోయిన అనుమానం కంటే అడగని అనుమానమే మనిషిని ఎక్కువకాలం వెంటాడుతుంది.

మన ఇంటి సంగతికొస్తే, హైదరాబాద్ క్రికెట్ సంఘాన్ని చక్కదిద్దే బాధ్యతను 2023లో సుప్రీంకోర్టు జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుకు అప్పగించింది. గుంటూరు కోర్టులో వకాలతు మొదలుపెట్టిన ఈ విశ్రాంత న్యాయమూర్తి తవ్వి చూస్తే, కొద్దిమంది, వాళ్ల కుటుంబ సభ్యులు కలిసి పదుల క్లబ్బులను చేతిలో పెట్టుకున్నట్టు బయటపడింది. క్లబ్బుకో ఓటు. ఆ ఓట్లతో వచ్చే కమిటీయే లీగ్ నియమాలు రాస్తుంది, అవే క్లబ్బులు ఆ లీగ్‌లో ఆడతాయి. 57 క్లబ్బులను ఎన్నికలకు దూరం పెట్టాల్సి వచ్చింది. ఆంధ్రా క్రికెట్ సంఘం అంత దూరం పోకముందే జాగ్రత్తపడే వీలుంది. దానికి 2024 నుంచి విజయవాడ ఎంపీ కేశినేని శివనాథ్ అధ్యక్షుడు. విజయవాడ సన్‌షైనర్స్, భీమవరం బుల్స్ లాంటి జట్లతో ఆంధ్రా ప్రీమియర్ లీగ్ నడుస్తోంది. వచ్చే సీజన్ నిబంధనలు ఖరారయ్యే లోపు సంఘం ఒక పట్టిక వెబ్‌సైట్‌లో పెట్టాలి. నిబంధనల మీద చేయి వేసే ప్రతి ఒక్కరి పేరు, వారికి లేదా వారి ఇంటివారికి ఏ జట్టులో, ఏ స్పాన్సర్ సంస్థలో, ఏ అకాడమీలో, ఏ క్లబ్బులో సంబంధం ఉందో అందులో ఉండాలి. ఏమీ లేకపోతే లేదని రాయాలి. దాని కిందే, ఏ అంశం చర్చకు వచ్చినప్పుడు ఎవరు గది బయటకు వెళ్లారో తేదీతో సహా ఉండాలి. ఖర్చు ఒక గుమాస్తా ఒక పూట పని. నూజివీడులోనో రేపల్లెలోనో కొడుకును తెల్లవారుజామున నెట్స్‌కు పంపే తండ్రి అది తెరిచి చదువుకోగలగాలి.