టిక్కెట్టు యంత్రం – లెక్క ఎవరి చేతిలో?

చిన్న పట్టణాలలో ఇంకను నిలిచి ఉన్న ఒంటితెర సినిమా హాళ్ళు నేడు ఒక ముఖ్య నిర్ణయం తీసుకొనవలసి ఉన్నది. టిక్కెట్టు పుస్తకం స్థానంలో కంప్యూటరు, బుకింగు కిటికీ పక్కన ఆన్‌లైన్ అమ్మకం, క్యాంటీనులో బిల్లు యంత్రం వస్తున్నవి. వీటిని అమ్మే ఏజెంటు ధర చెప్పును, మొదటి సంవత్సరం ఉచితమనును, ఒప్పందంపై సంతకం కోరును. యజమాని ధర ఒక్కటే చూచి సంతకం చేయును. ఆ హాలులో పనిచేసే గుమాస్తాను, గేట్ కీపరును ఎవరూ అడుగరు. ఈ పద్ధతి మారవలెనని మా అభిప్రాయం.

టిక్కెట్టు పుస్తకం కేవలం కాగితం కాదు. ఆట మొదట ఏ నంబరు, చివర ఏ నంబరు అన్నది చూచి రోజువారీ కలెక్షన్ రిపోర్టు వ్రాయుదురు. ఆ రిపోర్టును బట్టియే పంపిణీదారు వాటా తేలును. కిటికీలో గుమాస్తా అమ్మును, ద్వారం వద్ద గేట్ కీపరు సగం చింపును. ఒకరి లెక్కకు మరొకరి లెక్క సాక్ష్యం. యంత్రం వచ్చిననాడు ఈ లెక్క అంతయు దాని కడుపులోకి పోవును. కనుక ఆ యంత్రం ఎవరి అదుపులో ఉండుననునదే అసలు విషయం.

దీనికి పూర్వానుభవం లేకపోలేదు. ఫిల్ము రీళ్ళు పోయి డిజిటల్ ప్రదర్శన వచ్చినప్పుడు అనేక చిన్న హాళ్ళు యంత్రం కొనలేక సర్వీసు కంపెనీలతో దీర్ఘకాలిక ఒప్పందాలు చేసుకొన్నవి. రీలు మార్చే నైపుణ్యానికి విలువ తగ్గి ఆపరేటర్లు నష్టపోయిరి. ఆ కంపెనీల రుసుములపై నిర్మాతలకు తగాదా వచ్చి 2018 మార్చి 2 నుంచి తెలుగు రాష్ట్రాలలో హాళ్ళు మూతపడినవి. తగాదా పెద్దలది, ఆట లేని రోజుల భారం మాత్రం చిన్న హాళ్ళపైన, వాటి సిబ్బందిపైన పడినది.

టిక్కెట్టు విషయంలోను పోరు మొదలై కొన్నేళ్ళయినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో చట్టం సవరించి, ఆన్‌లైన్ అమ్మకాలను తన సంస్థ ద్వారా జరుపబూనగా, 2022 జూలైలో హైకోర్టు స్టే ఇచ్చినది. దానికి ముందు నెలలోనే, ఒక ప్రముఖ ఆన్‌లైన్ టిక్కెట్టు కంపెనీ హాళ్ళతో చేసుకొన్న ప్రత్యేక ఒప్పందాలపై వచ్చిన ఫిర్యాదుమీద కాంపిటీషన్ కమిషన్ దర్యాప్తునకు ఆదేశించినది. ప్రభుత్వమైనను, కంపెనీ అయినను, ప్రేక్షకుని డబ్బు మొదట తన చేతిలో పడవలెనని కోరుట గమనింపదగినది.

కావున చిన్న హాలు ఎన్నిక చేసుకొనునప్పుడు ఈ ప్రశ్నలు వేయవలెను. కరెంటు పోయినను, నెట్ తెగినను కిటికీలో టిక్కెట్టు ఇచ్చుటకు వీలున్నదా? ఆన్‌లైన్‌లో వసూలైన సొమ్ము ఎన్ని రోజులకు హాలు ఖాతాలో పడును? సౌకర్య రుసుములో హాలుకు భాగమున్నదా? ఒప్పందం ముగిసిన తరువాత పాత లెక్కలన్నియు హాలుకు అప్పగింతురా? మరొక అమ్మకందారును చేర్చుకొను స్వేచ్ఛ ఉన్నదా? పన్ను మారినప్పుడు హాలువారే సరిచేసుకొనగలరా? 2025 సెప్టెంబరు 22 నుంచి నూరు రూపాయల వరకు గల టిక్కెట్టుపై జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గినది; ఆపై టిక్కెట్లకు 18 శాతమే ఉన్నది. ఇటువంటి మార్పు వచ్చిన ప్రతిసారి కంపెనీ మనిషికోసం ఎదురుచూచు హాలు ఆ కంపెనీకి బందీయే.

ఇక కార్మికుల మాట. కిటికీలో ఇద్దరు గుమాస్తాలకు ఒకే పాస్‌వర్డు ఇచ్చి, రాత్రి లెక్క తక్కువైనచో ఇద్దరి జీతంలోను కోయుట అన్యాయం. ఎవరి పాస్‌వర్డు వారిది, ఎవరి డ్యూటీ లెక్క వారిది కావలెను. డ్యూటీ దిగునప్పుడు యంత్రం ముద్రించిన లెక్క ప్రతి గుమాస్తాకు దక్కవలెను. క్యాంటీనులో పాడైన సరుకు, పారబోసిన సరుకు నమోదు చేయు వీలు లేని బిల్లు యంత్రం ప్రతి లోటును దొంగతనముగా చూపును. శిక్షణ పనివేళలలోనే, జీతంతోనే జరుగవలెను. నగదు కిటికీ మూయరాదు. నెట్ ఫోను లేని కూలి మనిషియు ప్రేక్షకుడే.

చట్టంలోను ఆధారమున్నది. ఉద్యోగాల తొలగింపునకు దారితీయగల యంత్రమార్పునకు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వవలెనని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 9-ఎ సెక్షను చెప్పినది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 40వ సెక్షనులోను ఆ నిబంధన నిలిచి ఉన్నది. అయితే నోటీసు అడిగేవారు లేనిచోట అది పుస్తకంలోనే మిగిలిపోవును.

చిన్న హాలు యజమాని మనకు శత్రువు కాడు. హాలు మూతపడి కల్యాణమండపమైననాడు ఆయనకు అద్దె వచ్చును, మనకు వీధి మిగులును. అందుచేత యంత్రాన్ని వ్యతిరేకించుట మన విధానం కారాదు. సంతకానికి ముందే ఒప్పందం ప్రతిని చూపుమని కోరుట, పై షరతులను వ్రాతపూర్వకముగా అందులో చేర్పించుట, గేటుకు మారిన గుమాస్తాకు పాత జీతమే ఉండునని హామీ పొందుట – ఇవి ప్రతి థియేటరు శాఖ వెంటనే చేపట్టవలసిన పనులు. ఏజెంటు హాలు గుమ్మం తొక్కకముందే శాఖ సమావేశం జరుగవలెను.