ప్రయోగశాలలో పనికివచ్చు అభ్యాసము

గోడకు అగ్నిమాపక సాధనము వ్రేలాడుచున్నంత మాత్రమున ప్రయోగశాలకు రక్షణ కలిగినదని మేము తలంపము. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున 2008 డిసెంబరు 29న జరిగిన దుర్ఘటనను చూడుడు. 23 ఏండ్ల పరిశోధన సహాయకురాలు టెర్ట్-బ్యూటైల్ లిథియంను సిరంజిలోనికి తీసుకొనుచుండగా దాని కాడ ఊడివచ్చినది. గాలి సోకినంతనే మండు ద్రవమది. ఆమెకు రక్షణ కోటు లేదు. కృత్రిమ నూలు స్వెటరు క్షణములో అంటుకొనినది. సహచరుడొకడు కోటుతో మంటల నణచ యత్నించెనే గాని, ఆ గదిలోనే యున్న షవరు క్రిందికి ఆమెను చేర్చుట ఎవ్వరికిని తోచలేదు. 18 దినములకు ఆమె మరణించినది. కోటులు ధరించుట లేదని రెండు నెలల మునుపే తనిఖీవారు వ్రాసియుండిరి! ఆ కాగితము ఫైలులో నుండిపోయినది.

ధనము కొరవడిన సంస్థ కాదది. కొరవడినది అలవాటు.

కంట ఆమ్లము పడినచో 15 నిమిషములు ఎడతెగక నీట కడుగవలెనని వ్రాసి మార్కులు పొందినవారమే. కుళాయి త్రిప్పి చూచినవారమెందరము? ప్రథమ చికిత్స పెట్టె తాళపుచెవి అటెండరు జేబులో నున్నచో, అతడు భోజనమునకు పోయిన వేళ ప్రమాదము ఆగునా?

కమిటీవారిని మేము కోరునది స్వల్పము. ప్రతి టర్ము తొలివారమున ఒక ప్రాక్టికల్ పీరియడు మాని, కన్నులు మూసుకొని కుళాయి వద్దకు నడచుట, మంటలార్పు సాధనము పట్టుట విద్యార్థులచే చేయింపవలెను. తనిఖీలో కనబడిన లోపము ఏ తేదీన సరిచేయబడినదో నోటీసు బోర్డుపై వ్రాయవలెను. ఆ పెట్టెకు తాళము తీసివేయవలెను.