చిట్యాల గొంతుకు వేరే తూకమా?

మా చిట్యాలలో ఒకే గల్లీలో పుట్టి, నల్లగొండలో ఒకే కళాశాలలో బీకాం పూర్తి చేసిన ఇద్దరు పిల్లలున్నారు. అన్నదమ్ముల బిడ్డలు. ఒకే నెలలో ఇద్దరికీ ఒకే కాల్ సెంటర్‌లో ఉద్యోగం దొరికింది. అబ్బాయి హైదరాబాదులో హాస్టల్ గదిలో ఉంటూ కార్యాలయానికి వెళ్తాడు. అమ్మాయి ఇంట్లోనే హెడ్‌సెట్ పెట్టుకొని అదే పని చేస్తుంది. ఫోను చేసి కోపగించుకునే ఖాతాదారులు వాళ్ళే. చెప్పవలసిన మాటలు అవే. రోజుకు ఎత్తవలసిన కాల్స్ లెక్క అదే. తప్పులెన్నే టీం లీడర్ కూడా ఒక్కడే. నెల తిరిగేసరికి అబ్బాయి ఖాతాలో 18,000 రూపాయలు పడ్డాయి, అమ్మాయి ఖాతాలో 13,000 పడ్డాయి. ఎందుకని అడిగితే "మీది చిట్యాల లొకేషన్ కదా" అన్నారు. సైకిళ్ళ మరమ్మతు దుకాణం నడుపుకునే ఆమె తండ్రి మమ్మల్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "చిట్యాల నుంచి మాట్లాడితే మా బేటీ గొంతు వాళ్ళకు తక్కువ వినిపిస్తుందా సాబ్?"

ఆ తండ్రికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాము. ఆలోచించగా తేలినది ఇది: ఊరిని బట్టి జీతం కోయడం జీవన వ్యయపు లెక్క కానే కాదు. ఊరు విడిచి కదలలేని మనిషి నిస్సహాయతకు కట్టిన వెల అది. ఆ నిస్సహాయత ఎవరి ఇళ్ళలో ఎక్కువగా ఉందో ఈ పత్రిక పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

కాల్ సెంటర్ వ్యాపారం పుట్టుకలోనే ఈ వ్యత్యాసం ఉంది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఒక ఉద్యోగికి ఇచ్చే జీతంలో కొద్ది భాగం ఖర్చుపెడితే అదే పనిని మన పట్టభద్రుల చేత చేయించుకోవచ్చునన్న ఆలోచనతోనే 1990ల చివరిలో అది ఈ దేశానికి వచ్చింది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక హైదరాబాదు ఆ వ్యాపారానికి ఒక కేంద్రమైంది. 2020 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ కాల్ సెంటర్ల నిబంధనలను సడలించి, ఇంటి నుంచి పని చేయించుకోవడానికి విస్తృతంగా వీలు కల్పించింది. 2023 మే నెలలో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో, అదే ఏడాది అక్టోబరులో నల్లగొండలో ఐటీ టవర్లు తెరుచుకున్నాయి. పని మా గడప దాకా వచ్చింది. సంతోషమే. అయితే పనితో పాటు ఆ పాత లెక్క కూడా వచ్చింది. లండన్‌కు హైదరాబాదు చౌక అయినట్లే హైదరాబాదుకు చిట్యాల చౌక కావాలట!

దక్షిణ తెలంగాణకు ఈ లెక్క కొత్తదేమీ కాదు. "పాలమూరు లేబర్" అన్న పేరుతో మన మెట్ట ప్రాంతపు శ్రమజీవులు ఎక్కడెక్కడి ఆనకట్టలకో, కాలువలకో మట్టి మోశారు. ఊళ్ళో పని లేదు గనుక మేస్త్రీ చెప్పిందే కూలి అయింది. నేడు వారి మనుమల చేతుల్లో పార లేదు, చెవులకు హెడ్‌సెట్ ఉంది. కూలి నిర్ణయించే పద్ధతి మాత్రం మారలేదు.

యాజమాన్యాల సమాధానం మాకు తెలుసు: "చిన్న ఊళ్ళో ఖర్చు తక్కువ, కాబట్టి జీతం తక్కువ." ఈ మాటను పరీక్షించి చూద్దాం. చిట్యాలలో చౌకగా దొరికేది ఇంటి అద్దె ఒక్కటే. ఫోను రీఛార్జికి, మందుల సీసాకు, పోటీ పరీక్ష ఫీజుకు, కంప్యూటరుకు మా ఊరి వారికి ప్రత్యేకమైన ధర లేదు. పెద్ద జబ్బు చేస్తే మళ్ళీ హైదరాబాదు ఆసుపత్రికే పరుగెత్తాలి. ఆ ప్రయాణపు ఖర్చు నగరవాసికి లేనిది, మాకు ఉన్నది.

అద్దె తేడాను లెక్కలోకి తీసుకోవలసిందే అంటారా? దానికి న్యాయమైన పద్ధతి ప్రభుత్వమే చూపింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఏ ఊళ్ళో పనిచేసినా ఆ హోదాకు మూల వేతనం ఒక్కటే. ఊరిని బట్టి మారేది ప్రధానంగా ఇంటి అద్దె భత్యం. నగరాల తరగతిని బట్టి అది నేడు మూల వేతనంలో 30, 20, 10 శాతాలుగా ఉంది. మన రాష్ట్రంలోనూ చిట్యాల బడిలో పాఠం చెప్పే ప్రభుత్వ ఉపాధ్యాయునికి, హైదరాబాదు బడిలో చెప్పే సమాన హోదా ఉపాధ్యాయునికి మూల వేతనం ఒక్కటే. శ్రమ విలువ వేరు, గది అద్దె వేరు అని ప్రభుత్వం గుర్తించింది. కాల్ సెంటర్ ఈ రెండింటినీ కలిపేసి, గది పేరు చెప్పి శ్రమ విలువను కోస్తున్నది. అంతకంటె విచిత్రం ఏమంటే, మా అమ్మాయి పనిచేసే గది ఆమె తండ్రిది, కరెంటు బిల్లు ఆ తండ్రిదే. కుర్చీ, ఏసీ, రాత్రి వేళ కారు, అన్నీ సంస్థకు మిగిలాయి. ఆమె ఇంటినే కార్యాలయంగా వాడుకొని, నీకు ఇంటి ఖర్చు లేదు కదా అని జీతం తగ్గించారు!

మరొక లెక్క చూడండి. జాతీయ కనీస వేతనం ఎంత ఉండాలో పరిశీలించిన అనూప్ సత్పథి నిపుణుల సంఘం 2019లో రోజుకు 375 రూపాయలు సిఫారసు చేసింది. దేశాన్ని అయిదు ప్రాంతాలుగా విడదీసి చూస్తే 342 నుంచి 447 రూపాయల వరకు ఉండవచ్చునన్నది. ఆ అంకెలు చాలవని వాదించవచ్చు. కాని తిండి, బట్ట, ఇల్లు, చదువు, వైద్యం లెక్కగట్టి చెప్పిన అంకెలవి. దేశంలోని అతి చౌక ప్రాంతానికీ అతి ఖరీదైన ప్రాంతానికీ మధ్య ఆ సంఘం చూపిన తేడా 24 శాతం లోపే. ఒకే జాతీయ రహదారి మీద, రెండు గంటల బస్సు ప్రయాణంలో ఉన్న హైదరాబాదుకూ చిట్యాలకూ మధ్య మా అమ్మాయి జీతంలో పడిన కోత దాదాపు 28 శాతం. ఈ కోతను ఎవరు, ఏ లెక్కతో వేశారు? ఆ కాగితం చూపించమని అడుగుతున్నాము.

ఇక ఇది ముస్లింల సమస్య ఎలా అయిందని కొందరు అడుగుతారు. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం 20 ఏళ్ళు పైబడిన ముస్లింలలో పట్టభద్రులు, డిప్లొమా పొందినవారు 4 శాతం లోపే. అంటే మన ఇళ్ళలో డిగ్రీ పట్టా చాలాసార్లు మొదటి తరానిది. ఆ పట్టాకు బజారులో ఎంత విలువ దొరుకుతుందన్నది ఆ ఒక్క కుటుంబంతో ముగిసిపోదు. పక్కింటివాడు తన బిడ్డను చదివించాలా, దుకాణంలో కూర్చోబెట్టాలా అన్నది దాన్ని చూసే నిర్ణయించుకుంటాడు.

నిజాన్ని నిజంగానే చెప్పుకుందాం. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ 2007లో ప్రచురించిన పరిశోధన, ప్రైవేటు ఉద్యోగాలకు సమాన అర్హతలతో దరఖాస్తులు పంపినా ముస్లిం పేరున్న వాటికి పిలుపులు బాగా తక్కువ వస్తున్నాయని చూపింది. అభిజిత్ బెనర్జీ తదితరులు ఢిల్లీ ప్రాంతంలో సాఫ్ట్‌వేర్, కాల్ సెంటర్ ఉద్యోగాలకు 3,160 దరఖాస్తులు పంపి 2009లో ప్రచురించిన మరో అధ్యయనంలో మాత్రం ముస్లిం పేర్ల పట్ల వివక్షకు ఆధారం దొరకలేదు. మేము దీన్ని దాచము. కాల్ సెంటర్ తలుపు మన పిల్లలకు మూసి లేదని మా అనుభవం కూడా చెబుతున్నది. అయితే తలుపు తెరిచి ఉంచడమే న్యాయమా? లోపలికి వచ్చినవారిలో కొందరిని పీట మీద, కొందరిని నేల మీద కూర్చోబెడితే దానిని ఏమనాలి?

నేల మీద కూర్చునేది ఎవరు? నగరంలో గది తీసుకొని రెండు నెలల అద్దె ముందుగా కట్టలేనివాడు. మంచాన పడిన తండ్రిని విడిచి వెళ్ళలేనివాడు. అందరికంటె ముందు, రాత్రి డ్యూటీకి నగరానికి పంపడానికి ఇంట్లో ఒప్పుకోని ఆడపిల్ల. రాజ్యాంగంలోని 39(డి) అధికరణం స్త్రీ పురుషులకు సమాన పనికి సమాన వేతనం ఉండాలని ఆదేశిస్తున్నది. "ఆడపిల్లవు కాబట్టి తక్కువ" అని ఏ సంస్థా నేడు రాసి ఇవ్వదు. "చిట్యాల కాబట్టి తక్కువ" అని మాత్రం ధైర్యంగా రాసి ఇస్తుంది. ఊళ్ళో ఉండి పనిచేసేది ఎక్కువగా ఆడపిల్లలే అయినప్పుడు ఆ రెండు వాక్యాలకూ తేడా ఎక్కడుంది?

కదలనివ్వనిది మీ కట్టుబాట్లే కదా అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు మనమూ మన ఇళ్ళలో జవాబు చెప్పుకోవాలి, తప్పించుకోరాదు. కాని ఒకరి ఇబ్బందిని చూసి ధర తగ్గించి కొనడం వర్తక నీతి కాదు. కొనేటప్పుడొక రాయి, అమ్మేటప్పుడొక రాయి వాడేవాడిని మన పెద్దలు ఏమని పిలిచేవారో అందరికీ తెలుసు. ఖాతాదారు సంస్థ నుంచి కాల్‌కు ఇంత అని వసూలు చేసేటప్పుడు ఆ కాల్ చిట్యాలలో ఎత్తారని తగ్గించి తీసుకుంటున్నారా?

భాష సంగతి కూడా చూడండి. మా పిల్లలు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతారు. హిందీ వారికి ఉర్దూ పక్కనే ఉంది. ఇంగ్లీషు బడిలో నేర్చారు. ఒకే కుర్చీలో నాలుగు భాషల కాల్స్ తీసుకోగల పిల్లలు వీరు. ఏ భాష కాల్ వచ్చినా వీరికే మళ్ళిస్తారు. జీతం దగ్గరికి వచ్చేసరికి ఈ నాలుగు భాషలూ లెక్కలోకి రావు, చిట్యాల పిన్‌కోడ్ ఒక్కటే వస్తుంది.

చట్టం ఆదుకుంటుందా? 1982లో రణధీర్ సింగ్ కేసులో, 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సమాన పనికి సమాన వేతన సూత్రాన్ని బలంగా నిలబెట్టింది. కాని ఆ తీర్పులు ప్రభుత్వ కొలువులకు సంబంధించినవి. ప్రైవేటు ఉద్యోగికి మిగిలిన ప్రధానమైన ఆధారం కనీస వేతనం. 1948 చట్టం వేర్వేరు ప్రాంతాలకు వేర్వేరు రేట్లను అనుమతించింది. దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్ కూడా భౌగోళిక ప్రాంతాన్ని ఒక ప్రాతిపదికగా ఉంచింది. అయిదేళ్ళకు మించకుండా రేట్లను సవరించాలన్న నియమం ఉన్నా, తెలంగాణలో 2021 జూన్‌లో అయిదు రంగాలకు ఇచ్చిన జీవోలు ఏళ్ళ తరబడి గెజెట్ ముఖం చూడలేదు. పని వేళల వంటి విషయాల్లో ఐటీ ఆధారిత సంస్థలకు మినహాయింపులు మాత్రం సకాలంలో అందుతూ వచ్చాయి.

సమాన జీతం అడిగితే సంస్థలు నల్లగొండకు రావని భయపెడతారు. చౌక భవనాలు, ప్రభుత్వ రాయితీలు, ఉద్యోగం మారే అవకాశం లేక నిలకడగా ఉండే సిబ్బంది, ఇవన్నీ సంస్థలకు చిన్న పట్టణంలో దొరికే లాభాలే. అవి చాలవా? ఫిలిప్పీన్స్‌లో 1989 చట్టం కనీస వేతనాన్ని ప్రాంతాల వారీగా విడగొట్టింది. మనీలాలో ఒక రేటు, మిగతా చోట్ల అంతకంటె తక్కువ. నేడు అక్కడి కాల్ సెంటర్ ఉద్యోగుల సంఘమే దేశమంతటికీ ఒకే కనీస వేతనం కావాలని ఉద్యమిస్తున్నది. మనం ఒంటరిగా గొంతెమ్మ కోరికలు కోరడం లేదు.

చివరిగా మన వైపు చూసుకుందాం. 2017 ఏప్రిల్‌లో 12 శాతం రిజర్వేషన్ బిల్లు శాసనసభ ఆమోదం పొందిన నాటి నుంచి మన సభల్లో ఆ మాట మోగుతూనే ఉంది. ఆ పోరాటం సాగవలసిందే. కాని రిజర్వేషన్ వర్తించని ప్రైవేటు కొలువులో మన పట్టభద్రులు ఎంత జీతానికి, ఏ షరతులకు సంతకం చేస్తున్నారో ఎన్ని సభల్లో మాట్లాడాము? "దొరికిందే చాలు, అల్లా దయ" అని తల్లిదండ్రులు తృప్తి పడుతున్నారు. దయకు కృతజ్ఞత చెప్పడం వేరు, దగాకు తల వంచడం వేరు.

కాబట్టి మేము కోరుతున్నవి ఇవి. ఒకే పనికి మూల వేతనం ఒక్కటే ఉండాలి, ఊరి తేడా ఏదైనా ఉంటే ఇంటి అద్దె భత్యంగా నియామక పత్రంలో విడిగా చూపాలి. ఇంటి నుంచి పనిచేసేవారికి కరెంటు, ఇంటర్నెట్ ఖర్చులు ఇవ్వాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఐటీ టవర్లలో స్థలమూ రాయితీలూ పొందే సంస్థలు తమ హైదరాబాదు జీతాలను, ఇక్కడి జీతాలను పక్కపక్కన బయటపెట్టాలి. అదనపు భాషకు అదనపు భత్యం ఇవ్వాలి.

ఇక మన సంఘాలు, మసీదు కమిటీలు చేయగలిగిన పని ఒకటుంది. జుమా తరువాత ఒక గంట కేటాయించి, పిల్లల జీతపు చీటీలను, పేర్లు చెరిపివేసి, ఒకచోట చేర్చండి. కులమతాల తేడా లేకుండా ఊరిలోని ప్రతి కాల్ సెంటర్ ఉద్యోగి చీటీనీ అందులో కలపండి, ఎందుకంటే ఈ కోత అందరి మీదా పడుతున్నది. ఒక్క చీటీ పట్టుకొని అడిగితే అది ఫిర్యాదు, వంద చీటీలు పక్కపక్కన పెడితే అది సాక్ష్యం. ఆ సాక్ష్యంతో కార్మిక శాఖ తలుపు తడదాము.

ఆ తండ్రి మళ్ళీ కలిసినప్పుడు చెప్పవలసిన జవాబు ఇప్పుడు మా దగ్గర ఉంది. మీ బిడ్డ గొంతు వాళ్ళకు పూర్తిగానే వినిపిస్తున్నది భాయీ. వినిపించనిది మన గొంతే. మనం ఇంకా అడగలేదు.