చూచి వ్రాసి వెళ్ళిపోయే తనిఖీ మనకు అక్కరలేదు

ఎక్కడ ఇల్లు తగులబడినా ‘షార్ట్ సర్క్యూట్ వలన జరిగినది’ అని ఒక్క వాక్యం వ్రాసి చేతులు దులుపుకొనడం ఆనవాయితీ అయినది. ఆ వాక్యం సగమే నిజం. తీగలలో లోపం ఏనాడైనా రావచ్చును. అది వచ్చిన క్షణంలోనే విద్యుత్ ప్రవాహాన్ని తెంచివేయడానికే ప్రతి ఇంటి గోడమీద ఫ్యూజునో, సర్క్యూట్ బ్రేకరునో అమర్చి ఉంచుతారు. అది ఎందుకు తెంచలేదు? దానిని చివరిసారి ఎవరు పరీక్షించారు? పరీక్షించినవారు ఏమి వ్రాశారు? వ్రాసినదానిపై ఎవరు చర్య తీసుకొన్నారు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పని విచారణను విచారణగా మేము అంగీకరించము.

ఈ ప్రశ్నలు మన దేశానికే పరిమితమైనవి కావు. సంపన్న దేశమైన అమెరికాలో వీటికి లభించిన జవాబు ఎటువంటిదో రైల్వే, తపాలా ఉద్యోగులందరూ తెలుసుకొనవలసి ఉన్నది.

ఫెడరల్ పసిఫిక్ ఎలక్ట్రిక్ అనే అమెరికన్ కంపెనీ 1950ల నుండి 1980ల వరకు ‘స్టాబ్-లాక్’ అనే పేరుతో మెయిను బోర్డులను, బ్రేకర్లను తయారుచేసి లక్షలాది ఇండ్లకు అమ్మినది. అచ్చటి ప్రమాణం ప్రకారం ఇళ్ళలో వాడే బ్రేకరు తన సామర్థ్యానికి 35 శాతం మించిన ప్రవాహాన్ని గంటలోపల తెంచివేయవలెను. ఆ ప్రమాణానికి సరిపడినదని అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ అనే పరీక్షా సంస్థ ముద్ర కూడ ఆ సరుకుపై ఉండెను. 1979లో రిలయన్స్ ఎలక్ట్రిక్ అనే అమెరికన్ సంస్థ (మన దేశంలోని ఆ పేరు గల సంస్థతో దీనికి సంబంధం లేదు) ఆ కంపెనీని కొన్నది. మరుసటి సంవత్సరమే, అనగా 1980లో, ఆ ముద్ర మోసపూరితమైన పద్ధతులలో సంపాదించినదని కొన్న సంస్థయే బయటపెట్టినది. అమెరికా ప్రభుత్వపు వినియోగ వస్తు భద్రతా సంఘం దర్యాప్తు చేపట్టినది. 1983లో ఆ దర్యాప్తును మూసివేసినది. తగిన సమాచారం సేకరించుటకు కొన్ని మిలియన్ల డాలర్లు కావలెననీ, తన పరిమిత బడ్జెట్టులో అది సాధ్యం కాదనీ చెప్పినది. ఆ సరుకు ప్రమాదకరమని తేల్చలేదు, సురక్షితమనీ తేల్చలేదు. ఇళ్ళలోని బోర్డులు మాత్రం గోడలమీదనే మిగిలిపోయినవి. ఆ కంపెనీ ప్రజలను మోసగించినదని న్యూజెర్సీ రాష్ట్ర న్యాయస్థానం చెప్పుటకు 2000 సంవత్సరం దాటవలసి వచ్చినది.

ఆ బ్రేకరులోని దోషం ఎటువంటిదో రైల్వే సోదరులకు వేరుగా చెప్పనవసరం లేదు. సిగ్నలు వ్యవస్థలో ఏ భాగం చెడినా సిగ్నలు ఎరుపులోనే నిలిచిపోవలెను. అదియే మన వృత్తికి ప్రాణప్రదమైన సూత్రం. స్టాబ్-లాక్ బ్రేకరు చెడినప్పుడు పచ్చలో నిలిచిపోయే సిగ్నలు వంటిది. దీపాలు వెలుగుతూనే ఉంటాయి, పంకాలు తిరుగుతూనే ఉంటాయి, మీట కదులుతూనే ఉంటుంది. తీగ కాలవలసిన దినమున మాత్రమే అది తెంచలేదన్న సంగతి బయటపడుతుంది. కంటితో చూచి కనిపెట్టదగిన దోషం కాదిది.

ఇటువంటి దోషాన్ని పట్టుకొనే బాధ్యత అచ్చట ఎవరిపై పడినది? ఇల్లు అమ్ముడుపోయే సమయంలో, కొనేవాడు కూలి ఇచ్చి పిలిపించుకొనే గృహ తనిఖీదారుపై పడినది. అతడు బోర్డు మూత విప్పుతాడు. మసిబారిన గుర్తులు, కరిగిన తొడుగులు, ఒకే మరకు బిగించిన రెండు తీగలు ఉన్నవేమో చూస్తాడు. అతని వృత్తి నియమాల ప్రకారం పని కంటితో చూచుట వరకే. బ్రేకరుపై భారం మోపి పరీక్షించే విధి అతనికి లేదు. నిజాయితీ గల తనిఖీదారులు స్టాబ్-లాక్ అనే పేరు చూడగానే ‘దీనిని మార్చవలెను’ అని స్పష్టంగా వ్రాస్తున్నారు. వారికి మా గౌరవం. కాని ‘లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచే మరల పరిశీలింపజేయుడు’ అని వ్రాసి తప్పుకొనేవారూ ఉన్నారు. పనిని తెచ్చిపెట్టేది తరచుగా ఇళ్ళ దళారియే. దళారికి బేరం కుదిరిననే కమీషను. గట్టిగా వ్రాసినవాడికి బేరం చెడగొట్టేవాడనే పేరు వస్తుంది. అందుచేత వ్యక్తి మంచివాడైనా, ఏర్పాటే అతని కలాన్ని మెత్తబరుస్తున్నది.

అటుపిమ్మట జరిగేది మరింత శోచనీయము. కొనేవాడు ఆ నివేదికను చూపి ధర తగ్గించమంటాడు. అమ్మేవాడు కొంత తగ్గిస్తాడు. బేరం ముగుస్తుంది. తగ్గిన సొమ్ముతో బోర్డు మార్చితీరవలెనన్న నిర్బంధం లేనిచోట, ప్రమాదం కాస్తా బేరపు వస్తువుగా మారి, బోర్డు ఉన్నచోటనే ఉండిపోతుంది. ఆ ఇంట అద్దెకు దిగే కుటుంబానికి ఆ నివేదిక కంటబడనే పడదు. తపాలా సోదరుల భాషలో చెప్పవలెనన్నచో, రిజిస్టరు ఉత్తరానికి రసీదు ఇచ్చి, ఉత్తరాన్ని సంచిలోనే ఉంచివేయుట వంటిదిది. రసీదు అందరివద్ద ఉన్నది. బట్వాడా మాత్రం జరుగలేదు.

ఇప్పుడు మన క్వార్టర్ల వైపు దృష్టి సారింతము. అమెరికాలో కొనేవాడికైనా తనిఖీదారును ఎన్నుకొనే హక్కు ఉన్నది. క్వార్టరు కేటాయింపబడిన గ్యాంగ్‌మన్‌కు గాని, పోస్ట్‌మన్‌కు గాని ఆ పాటి హక్కు కూడ లేదు. ఇంటి యజమాని, ఉద్యోగ యజమాని ఒక్కరే. బోర్డును బాగుచేయవలసినవారు, బాగున్నదని వ్రాయవలసినవారు కూడ ఆ యజమాని కొలువులోనివారే.

చట్టం ఏమి చెబుతున్నది? 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలే ఐదేండ్లకు మించని వ్యవధిలో తనిఖీ జరుగవలెనని నిర్దేశించినవి. 2003 విద్యుత్ చట్టం 162వ సెక్షను విద్యుత్ ఇన్‌స్పెక్టర్ల నియామకానికి, 161వ సెక్షను ప్రమాదం జరిగిన పిమ్మట విచారణకు వీలు కల్పించినవి. కాని రైల్వేలలో ఆ ఇన్‌స్పెక్టరు అధికారాలను జోనల్ రైల్వే ప్రధాన ముఖ్య విద్యుత్ ఇంజనీరుకే అప్పగించారు. అనగా నిర్వహణకు బాధ్యుడైన శాఖాధిపతియే ఆ నిర్వహణకు తీర్పరి. ఇదిగాక, ప్రభుత్వం ప్రకటించిన వోల్టేజీకి లోబడిన స్థాపనలను యజమానియే తనిఖీ చేసి, తానే ధ్రువీకరించుకొనవచ్చునని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు అనుమతిస్తున్నవి. పరీక్ష వ్రాసినవాడే మార్కులు వేసుకొనే పద్ధతికి భద్రత అని పేరు పెట్టుట మేము ఒప్పుకొనము. ఏ అధికారి నిజాయితీనీ మేము శంకించుట లేదు. మా అభ్యంతరం ఏర్పాటుపైననే.

‘ఉద్యోగులే ఫ్యూజులో లావు తీగ చుట్టుకొంటున్నారు గదా’ అని ఎత్తిపొడిచేవారున్నారు. లావు తీగ చుట్టుట ప్రాణాంతకమైన పని; ఏ సోదరుడూ చేయరాదు. అయితే ఆ తీగ ఎందుకు మాటిమాటికీ కాలిపోతున్నదో కూడ ఎత్తిపొడిచేవారు చెప్పవలెను. నాలుగు దీపాలకు, రెండు పంకాలకు వేసిన వైరింగు గల పాత ఇండ్లలో ఇప్పుడు ఫ్రిజ్, గీజరు, మిక్సీ ఉన్నవి. 2,000 వాట్ల గీజరు ఒక్కటే 230 వోల్టుల వద్ద సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. 5 ఆంపియర్ల లైటింగు సర్క్యూటు దానిని మోయజాలదు. ప్రవాహం రెట్టింపైన తీగలో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. కిట్‌క్యాట్ ఫ్యూజు, చెక్క బోర్డు, పెళుసెక్కిన రబ్బరు తొడుగు గల తీగలు, ఆనవాలు లేని ఎర్తింగు — వీటిని మార్చకుండ ఉద్యోగి భార్యకు ‘జాగ్రత్తగా వాడుకొనుడు’ అని సలహా ఇచ్చుట పరిపాలన అనిపించుకొనదు.

‘నిధులు లేవు’ అనే రెండవ సమాధానం 1983లో అమెరికా సంఘం చెప్పినదే. నిధుల కొరతను దర్యాప్తు ముగింపుగా వ్రాయవచ్చునేమో గాని, కాలే తీగ ఆ వ్రాతను చదువదు.

కావున మా డిమాండ్లు ఇవి. ఒకటి: ప్రతి క్వార్టరు మెయిను బోర్డును, ఎర్తింగును, తీగల తొడుగును కంటితో చూచుటయే గాక పరికరాలతో పరీక్షించి, ఆ నివేదిక నకలును అందు నివసించే ఉద్యోగికి సంతకం తీసుకొని ఇవ్వవలెను. రెండు: నిర్వహణ శాఖకు లోబడని ఇన్‌స్పెక్టరు చేత తనిఖీ చేయించవలెను, స్వీయ ధ్రువీకరణ గల చోటను ఇన్‌స్పెక్టరును కోరుకొనే వెసులుబాటు యజమానికి ఉన్నది, దానిని వినియోగించవలెను. మూడు: ప్రమాదకరమని వ్రాసిన ప్రతి బోర్డుకు ఎదురుగా మార్చవలసిన తేదీ, బాధ్యుడైన అధికారి హోదా వ్రాయవలెను. నాలుగు: పాత ఫ్యూజుల స్థానంలో ఎం.సి.బి.లను, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెంచివేసే రక్షణ పరికరాన్ని పరిపాలన ఖర్చుతోనే అమర్చవలెను.

బ్రాంచి కార్యదర్శులకు మా విజ్ఞప్తి: ఈ అంశాన్ని రాబోయే కాలనీ కమిటీ సమావేశాలలో మొదటి అంశంగా ఉంచుడు. గత తనిఖీ నివేదికను చూపమని వ్రాతపూర్వకంగా కోరుడు. ‘సంతృప్తికరం’ అని వ్రాసి ఉన్నచో, ఏ పరికరంతో, ఏ తేదీన, ఎవరు పరీక్షించి సంతృప్తి చెందినారో అడుగుడు. చూపుటకు నివేదికయే లేనిచో, ఆ సంగతిని మినిట్స్‌లో వ్రాయించి, ఫెడరేషను కార్యాలయానికి నకలు పంపుడు.