స్పిరిటు కలిసిన పెట్రోలు - కూలీ జేబుకు చిల్లు

గగన్‌పహాడ్ పారిశ్రామికవాడకు పనికొచ్చే కూలీల్లో చాలామంది శంషాబాదు, కొత్తూరు వైపు పల్లెల నుంచి పాత మోపెడు మీదనో, చేతులు మారిన మోటారు సైకిలు మీదనో వస్తారు. 2008లో విమానాశ్రయం తెరిచేనాటికి 5 వేల ఎకరాలకు పైగా భూమి దాని కింద పోయింది. ఊళ్లో సేద్యపు పని తగ్గినకొద్దీ పని కోసం పోయే దూరం పెరిగింది. కాబట్టి పెట్రోలు సంగతి కార్లున్నవాళ్ల గొడవ కాదు, అది కూలి రేటు గొడవే.

ధర బంకు మీద రాసే ఉంటుంది. రాయని సంగతి ఇంకొకటుంది. 2023లో ఇ-20 వచ్చింది. అంటే నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2018 జీవ ఇంధన విధానం దీనికి 2030 దాకా గడువు పెట్టింది. 2022లో ఆ గడువును 2025-26కు కుదించారు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు శక్తిలో మూడింట రెండొంతులే. కొలత అదే, సత్తువ తక్కువ. పాలల్లో నీళ్లు కలిపితే నిలదీస్తాం, ఇక్కడ కలపడమే చట్టమాయె!

ఎంత తగ్గుతుంది? మనం ఊహించనక్కరలేదు, 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. ఇ-20కి తయారు కాని పాత కార్లకు 6-7 శాతం, ద్విచక్ర వాహనాలకు 3-4 శాతం మైలేజీ పడిపోతుందని. రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరిగే కూలీ లెక్క చూడండి. లీటరుకు 50 ఇచ్చే బండికి 20 లీటర్లు చాలు. అది 48కి పడితే 21 లీటర్లకు దగ్గర. నెలకు 90 రూపాయల దాకా, ఏడాదికి వెయ్యి పైన అదనపు ఖర్చు. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని 2025లో పెట్రోలియం శాఖే ఒప్పుకుంది. అదెవరి ఖర్చో చెప్పలేదు.

శక్తి తగ్గుతుంది గనుక ఇ-20ని చౌకగా అమ్మాలని కూడా అదే నివేదిక చెప్పింది. అమ్మారా? లేదు. ఇథనాల్ లీటరు 71 రూపాయలు దాటింది, పెట్రోలు కంటే ప్రియమైంది అని 2025లో సమాధానం వచ్చింది. దీనివల్ల 1.44 లక్షల కోట్ల విదేశీ మారకం మిగిలిందనీ చెప్పారు. మిగిలితే మంచిదే. అందులో మోపెడువాడి వాటా ఏదయ్యా?

ఇక పన్నులు. 2025 ఏప్రిల్ పెంపుతో లీటరు పెట్రోలు మీద కేంద్రం సుంకం 21 రూపాయల 90 పైసలయింది. అందులో రాష్ట్రాలకు వాటా ఇచ్చే మూల సుంకం 1 రూపాయి 40 పైసలు మాత్రమే. మిగతాదంతా సెస్సులు, ప్రత్యేక సుంకాలు. డీజిలు మీద 4 రూపాయలు 'వ్యవసాయ' సెస్సు. రైతు ట్రాక్టరు నుంచి రైతు పేరుతోనే గుంజడం!

రాష్ట్రమేమీ తక్కువ తినలేదు. 2015 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం పెట్రోలు వ్యాట్‌ను 35.2 శాతానికి, డీజిలుది 27 శాతానికి పెంచింది. ఇది కేంద్ర సుంకం కలిపిన ధర మీద పడుతుంది, అంటే పన్ను మీద పన్ను. 2021 నవంబరులో కేంద్రం కొంత తగ్గించినప్పుడు చాలా రాష్ట్రాలు తామూ తగ్గించాయి, తెలంగాణ తగ్గించలేదు. ఫలితం? 2025లో హైదరాబాదులో లీటరు 107 పైన, గగన్‌పహాడ్ ముందు నుంచి పోయే ఆ రోడ్డు చివర బెంగుళూరులో 103 లోపు. లారీవాడు సరిహద్దు దాటి ట్యాంకు నింపుకోవచ్చు. మోపెడువాడు ఎక్కడికి పోతాడు? మైలేజీ పడి అతను అదనంగా పోయించుకునే ప్రతి లీటరు మీదా రాష్ట్రానికి సుమారు 28 రూపాయలు ముడుతుంది.

రైతుకు మేలని అంటున్నారే, అదీ చూద్దాం. 2025 జనవరిలో ఆహార సంస్థ బియ్యాన్ని ఇథనాల్ కంపెనీలకు క్వింటాలు 2,250 రూపాయలకు ఇవ్వాలని నిర్ణయించారు. ఆ ఏడాది మామూలు రకం వడ్ల మద్దతు ధరే 2,300! వడ్లకన్నా బియ్యం చౌక. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024లో, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో 2025లో ఇథనాల్ ఫ్యాక్టరీలు వద్దని జనం రోడ్డెక్కింది ఊరికే కాదు.

ఇథనాల్ లేని పెట్రోలు కూడా దొరకాలని వేసిన పిటిషనును 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. కోర్టు దారి అక్కడ మూసుకుంది. వ్యాట్ దారి మూసుకోలేదు. 2015లో పెంచినట్టే, తగ్గించడానికీ ఢిల్లీ అనుమతి అక్కరలేదు, హైదరాబాదులో ఒక్క ఉత్తర్వు చాలు.